బండ్లబాట అడిగిన రోజు

మొన్న దొంతన్‌పల్లి యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫారం పట్టుకుని వచ్చి, మా మొయినాబాద్ వైపు వెలిసిన రిసార్టుల మీద ఊరివాళ్ల అభిప్రాయం చెప్పమంది. ప్రతి ప్రశ్నకూ ఐదు గడులు. అన్నింటికీ నేను నడిమి గడిలోనే టిక్కు పెడుతుంటే, పాపం, ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్లీ చదివి వినిపించింది. ఇరవై ఏళ్ల కిందట ఇదే అభిప్రాయం నన్నొకసారి అడిగారని, అప్పుడు నడిమి గడి లేదని ఆమెకు చెప్పలేదు; ఇంకా చాలా ఇళ్లు తిరగాలట.

ఆ రోజులు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న కొద్దీ వాటిలో పనిచేసేవాళ్లు వారం చివర ఊపిరాడక మా చేన్ల వైపు రావడం మొదలైంది. నేనప్పుడు చేవెళ్లలో బడిపంతులుని. పొద్దునా సాయంత్రం మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్నతో కలిసి సేద్యం చేసేవాణ్ని. ఇద్దరికీ ఒకటే బావి, వంతుల వారీగా నీళ్లు. బస్సు ఆలస్యమైన రోజు నా వంతు కూడా ఆయనే పారించి, గట్టు మీద కూర్చుని, నేను రాగానే జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చేవాడు. నా జోకులకు అందరూ నవ్వి మరిచిపోయాక ఆయనొక్కడూ తీరిగ్గా, గడ్డి కోస్తూ నవ్వేవాడు.

రిసార్టు కట్టబోయే ఆసామి మా చేన్లకు ముందున్న భూమి కొని, దాని మధ్యలోని బండ్లబాట తనకు వదిలేస్తే గోడ పక్కన కాలిబాట ఇస్తానన్నాడు. జీతం ఉన్నవాణ్ని, నాకు కాలిబాట చాలు. అన్నకు ఆ చేనే బతుకు. బండి పోకపోతే టమాటా మార్కెట్‌కు పోదు. ఆయన నలుగురిలో మాట్లాడలేడు. చదువుకున్నవాడివి, నువ్వే వద్దని చెప్పమని పొద్దున్నే నన్ను అడిగాడు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుంది. పనులు దొరుకుతాయని కొందరికి ఆశ. మోత ఎక్కువైతే ఆదివారం ప్రార్థన ఎట్లాగని చర్చి పెద్ద అడిగాడు. స్విమ్మింగ్ పూల్ అంటే ఏమిటో తెలుసుకున్న ఒక అవ్వ, "తాగనీకె నీళ్లు లేవు గని దుంకనీకె కట్టిస్తరా?" అంది. చివరకు సర్పంచ్ నా వైపు తిరిగి సార్ ఏమంటారన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. పాడు అలవాటు, జోకే నోటికొచ్చింది.

"ఇద్దాం తియ్. మన ఎడ్లకు సుత సాఫ్ట్‌వేరోళ్ల లెక్క శనివారం, ఐతారం సెలవు దొరుకుతది."

ఊరంతా నవ్వింది, అందరికన్నా ఎక్కువ ఆ ఆసామి. నవ్వు ఆగాక అసలు మాట చెబుదామనుకున్నాను. నవ్వు ఆగేసరికి తీర్మానం రాయడం అయిపోయి చాయ్ వచ్చింది.

ఇంటి దగ్గర విడిపోయేటప్పుడు అన్న, "నువ్వు ఒద్దంటవనుకున్న తమ్మీ" అన్నాడు. మర్నాడే సర్పంచ్ దగ్గరికి వెళ్లి తమాషాకు అన్నానని చెప్పాను. దానికీ నవ్వాడు.

ఆ ఒక్క పంటా అన్న గంపల్లో మోసుకున్నాడు. తర్వాత చేను ఆ ఆసామికే అమ్మేసి పరిగి అవతల కొనుక్కున్నాడు. సామాను వ్యాన్‌కు ఎక్కించిన రోజు నేను బడిలో ఉన్నాను. సెలవు అడిగితే ఇచ్చేవారే.

రిసార్టు వల్ల ఊరు చెడిందని అనలేను. సగం ఇళ్లకు నెల జీతం వస్తోంది. చర్చి పెద్ద మనవడికి కూడా అక్కడే ఉద్యోగం. రిటైరయ్యాక నేనొక్కణ్నే కాలిబాటన చేనుకు పోయి, ఎవరితోనూ ఏమీ అనకుండా తిరిగి వస్తాను.

కిందటేడు అన్న దగ్గరికి వెళ్లాను. కుర్చీ వేయించాడు, కోడి కోయించాడు, చేనంతా తిప్పి చూపించాడు. ఆయన పక్క చేను మనిషి వచ్చి ఏదో అంటే ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నాకు సంగతి తెలియక నేనూ నవ్వాను. సొంత మనిషి ఇంట్లో చుట్టంలా కూర్చోవడం మా తరానికి చేతకాదు, నేర్చుకుంటున్నాం. పట్నంవాళ్లు మా ఊళ్లో రెండు రోజులైనా ఉంటారు. నేను అక్కడ మూడు గంటలే ఉండి బస్సెక్కాను.