సీటు కడ్డీ మీది గీత

నా చిన్నప్పుడు ఒక ఏడాది, కొన్ని నెలలపాటు మా ఇంట్లో సైకిలును ఎవరూ తొక్కలేదు గాని, దానికి నూనె మాత్రం వారం వారం పడేది. చిక్కడపల్లి సందులో మేం అద్దెకున్న ఇంటి మెట్ల కింద స్టాండు వేసి ఉండేది అది. మా నాన్న సైకిలు. రోజూ నన్ను వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని నారాయణగూడలో బడి దగ్గర దింపి, ఆయన హిమాయత్‌నగర్‌లో ఆఫీసుకు వెళ్ళేవాడు. ఒకరోజు అలాగే సైకిలు మీద వెళ్ళి, సాయంత్రం ఆటోలో వచ్చాడు. వచ్చాడు కాదు, తీసుకొచ్చారు. గుండెపోటు అన్నారు. మర్నాడు ఆఫీసతను ఎవరో సైకిలును నడిపించుకుంటూ తెచ్చి, మెట్ల కింద నిలబెట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. రాలేదంతే. అన్నం పెడితే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. వచ్చినవాళ్ళందరూ అమ్మతో "గుండె రాయి చేసుకో తల్లీ" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. చెప్పేవాళ్ళదేం పోయింది? వాళ్ళు చెప్పకముందే మా ఇద్దరికీ ఆ పని అయిపోయింది. బడికి మాత్రం వెళ్ళలేకపోయాను. అదేమంత దూరమని, నడిచి పోవచ్చు. రోజూ పొద్దున్నే జడలు వేసుకుని, సంచీ తగిలించుకుని, మెట్ల దాకా వచ్చి, సైకిలు పక్కన మెట్టు మీద కూర్చుండిపోయేదాన్ని. అమ్మ గడపలోంచి చూసి ఊరుకునేది. మధ్యాహ్నానికి లేచి లోపలికి పోయి సంచీ దించేదాన్ని. దసరా సెలవులకు ముందు బడి నుంచి ఆయమ్మ వచ్చి, సెలవులయ్యాక కూడా రాకపోతే పేరు కొట్టేస్తారని చెప్పింది. అమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను. ఆయమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయింది.

ఇక నూనె సంగతి. ఏడాది మైల కాబట్టి మా ఇంట్లో పండగల్లేవు, పూజల్లేవు, దేవుడి గూట్లో దీపం లేదు. దీపానికి పోసే నువ్వుల నూనె సీసా అలాగే ఉండిపోయింది. శుక్రవారం రాగానే అమ్మ ఆ సీసా తీసుకుని మెట్ల కిందికి వెళ్ళి, సైకిలు చైను మీద ధారగా పోసి వచ్చేది. సైకిలు గురించి ఆవిడకు తెలిసింది సున్నా. ఎందుకు పోస్తున్నావని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సందులో దుమ్మంతా ఆ నూనెకు అంటుకుని, చైను చిమ్మిలి ముద్దలా తయారైంది.

మేడ మీద గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో టైపు నేర్చుకుంటూ గవర్నమెంటు పరీక్షలకు చదివేది. దసరా నాడు పొద్దున సందంతా బళ్ళు కడుగుతున్నారు. రిక్షాలకూ స్కూటర్లకూ పసుపూ కుంకుమా బంతిపూలూ. నేను ఎప్పటిలా మెట్టు మీద కూర్చున్నాను. పైనుంచి దిగుతూ అక్క నా దగ్గర ఆగింది.

"పిల్లా, జర మీ సైకిల్ నాకిస్తవా? అశోక్‌నగర్‌కు నడిచి నడిచి కాళ్ళు గుంజుతున్నయ్. కడిగి మంచిగ జేసియ్యి."

మాకు పండగ లేదని, ముట్టుకోకూడదని చెప్పాను.

"పండుగ లేకుంటే లేకపాయె. తుప్పుకు మైల తెల్వది గద."

నాకు ఒళ్ళు మండింది. అన్నాళ్ళ తరవాత నాకు ఏదో ఒకటి అనిపించడం అదే మొదలు. మా నాన్న సైకిలు ఈవిడకెందుకు? అమ్మ ఒప్పుకోదులే అనుకుని గడప వైపు చూశాను. అమ్మ అక్కడే ఉంది, అంతా విన్నది. "ఇవ్వు" అంది.

ఇచ్చాక చెయ్యక తప్పుతుందా? నాన్న ఆదివారాలు సైకిలు విప్పితే పక్కన కూర్చుని నట్లు అందించేది నేనే, కాబట్టి పని తెలుసు. అక్క మేడ మీది నుంచి సీసాతో గ్యాస్‌నూనె తెచ్చింది. కిరసనాయిలును వాళ్ళవైపు అలాగే అంటారు. తుడవడానికి పాతగుడ్డ కావాలంది. అమ్మ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో నాన్న బనీను ఉంది. మా ముందే దాన్ని సర్రున రెండుగా చింపి, నాకొక ముక్క, అక్కకొక ముక్క ఇచ్చింది. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

సైకిలును తలకిందులుగా నిలబెట్టాం. చైను విప్పి, సత్తు పళ్ళెంలో కిరసనాయిలు పోసి నానబెట్టి, పాత బ్రష్షుతో తోమాను. నల్లటి ముద్దలు ఊడి వస్తుంటే అమ్మ చూసి, "అంతా నేను పోసిందేనా?" అంది చిన్నబోయి. అక్క చైను ఎత్తి పట్టుకుని, "మీరు పోసినందుకే తుప్పు పట్టలే అమ్మా, చూడుండ్రి" అంది. నిజమే. హ్యాండిలుకూ చువ్వలకూ తుప్పు పట్టింది గాని, చైను లోపలంతా శుభ్రంగా ఉంది. అమ్మ కుట్టుమిషను నూనె తెచ్చిచ్చింది. చక్రాల ఇరుసుల్లో, పెడళ్ళలో దాన్నే చుక్కలు చుక్కలుగా వేశాను. అరిగిన బ్రేకు రబ్బర్లను ముందుకు జరిపి బిగించాను. చేతులు పని చేస్తున్నాయి గాని, లోపల నాకేమీ లేదు. ఆదివారం నాన్న కోసం చేసినట్టే చేస్తున్నాను.

అంతా అయ్యాక అక్క, "ఇంతెత్తు సీటు నాకందదు, కిందికి దించు" అంది.

పానా చేతిలో ఉండిపోయింది. అది నాన్న ఎత్తు. కడగడం వేరు, తుడవడం వేరు. రేపు ఆయన వచ్చి ఎక్కుతాడన్నా కడుగుతాం. సీటు దించితే ఇక ఆయన ఎక్కడు. ఎలాగో నట్టు వదులు చేశాను గాని, సీటు కడ్డీ బిగుసుకుపోయి కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అమ్మ కొంగు దోపుకుని వచ్చి, సీటును రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ మెలితిప్పింది. పళ్ళు బిగపట్టి తిప్పింది. కిర్రుమని కదిలి, కాస్త పైకి వచ్చింది. కడ్డీ మీద, గొట్టంలో దిగే చోట ఒక గీత ఏర్పడి ఉంది. పైనంతా మాసిపోయిన ఇనుము, గీత కింద ఇంకా కొత్త మెరుపు. ఆ గీత నా కళ్ళముందే గొట్టంలోకి దిగిపోయింది. అక్క "ఇంకా, ఇంకా" అంటూనే ఉంది. అడుగంటా దించేసి బిగించాను.

"గట్టిగుందో లేదో ఎక్కి చూడు" అంది అక్క.

ఎక్కాను. సందులో అడ్డతొక్కుడు నాన్న ఎప్పుడో నేర్పాడు గాని, సీటు మీద కూర్చోవడం అదే మొదలు. నేను వయసుకు మించిన పొడగరిని, కాలి వేళ్ళు నేలకు తగిలాయి. అక్క నాకంటే ఇంకా తలంత ఎత్తు. "నీకిది మరీ తక్కువైపోతుంది అక్కా" అన్నాను.

"నాకు తొక్కుడే రాదు పిల్లా" అని, బనీను ముక్కతో చేతులు తుడుచుకుంటూ మేడెక్కిపోయింది.

అక్కకు తొక్కడం రాదని అమ్మకు ముందే తెలుసో లేదో, చివరిదాకా నేను అడగలేదు. సెలవులయ్యేలోగా ఆవిడే సైకిలును టాక్సీ షాపుకు, అంటే అప్పట్లో సైకిళ్ళు కిరాయికిచ్చే కొట్టుకు తీసుకెళ్ళి, నా పావడా చక్రంలో పడకుండా వెనక జాలీ, చైనుకు కవరూ వేయించింది. మగవాళ్ళ సైకిలు మీద ఆడపిల్లేమిటని సందులో అన్నవాళ్ళకు, "వాళ్ళ నాన్నది" అని ఒక్కటే మాట చెప్పింది.

బడి తెరిచిన రోజు సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంటే నారాయణగూడ చౌరస్తాలో బస్సు అడ్డం వచ్చింది. అలాంటప్పుడు నాన్న ముందు నుంచి "గట్టిగా పట్టుకో" అనేవాడు. ఆ మాట కోసం ఆగాను. నా ముందు ఎవరూ లేరు, హ్యాండిలు ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. వెనక రిక్షావాళ్ళు గంటలు కొడుతున్నారు, "జరుగమ్మా, జరుగు" అంటున్నారు. ఏడుస్తూనే తొక్కాను, ఏడుస్తూనే బడికి చేరాను. పేరు కొట్టెయ్యలేదు.

ఇప్పుడు ఆ అక్క ఎక్కడుందో తెలియదు. చావు జరిగిన ఇంటికి వెళ్తే గుండె రాయి చేసుకోమని నేను ఎవరికీ చెప్పను. నాకు ఫలానా పని రాదు, కాస్త చేసిపెడతావా అని అడుగుతాను. ఒక్కోసారి తిడతారు, పడతాను. సైకిలు ఇంకా ఉంది. ఎదిగినకొద్దీ సీటు పెంచుకుంటూ పోయాను గాని, నాన్న గీత పైకి రాకముందే నా ఎత్తు ఆగిపోయింది. ఏటా దసరాకు గ్రీజు పెట్టడానికి కడ్డీని పూర్తిగా పైకి లాగుతాను. గీత కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి, నా ఎత్తుకు దించి బిగిస్తాను.