సంచి దించి కొలిచిన వైరు

జనగామ జిల్లాగా మారిన మరుసటి ఏడాది, వానాకాలంలో, నన్ను అక్కడి సర్వీస్ సెంటర్ నుంచి మహబూబాబాద్ బ్రాంచికి ఫోర్‌మన్‌గా పంపించారు. మోటారు సైకిళ్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్ అంటే మెకానిక్‌కు పైన, మేనేజర్‌కు కింద. తప్పు జరిగితే ఇద్దరికీ మధ్యన. చేతికి నూనె అంటకూడదు గానీ, బండి గేటు దాటేముందు జాబ్ కార్డు మీద ఆఖరి సంతకం మాత్రం ఆయనదే.

నాతో పాటు ఒక అలవాటు కూడా బదిలీ అయ్యింది. జనగామలో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో దేవరుప్పుల పాలాయన బండికి ఎత్తు హ్యాండిల్ వేసి, పాత క్లచ్ వైరే సర్దేశాను. హ్యాండిల్ తిన్నగా ఉన్నంతసేపు ఏ లోపమూ కనబడలేదు. మూలమలుపులో పూర్తిగా తిప్పగానే వైరు బిగుసుకుని తెగింది. బండి ఆగింది గానీ, క్యాన్లలో పాలు ఆగలేదు. ఆ తర్వాత వైరు పొట్టిదవుతుందేమోనన్న భయం నన్ను వదల్లేదు. కొత్త వైరు ఎంచేందుకు ఒక పద్ధతుంది. పాత వైరు నడిచే దారి వెంట సుతిలి తాడు పరిచి కొలవాలి. హ్యాండిల్ ఎంత పైకి, ఎంత వెనక్కి జరిగిందో కలపాలి. రెండు వైపులా చివరిదాకా తిప్పినా బిగుసుకోకుండా రెండు వేళ్ల వదులు ఉంచాలి. నేను నాలుగు వేళ్లు ఉంచేవాణ్ణి. మనిషి పొట్టిగా పుట్టినందుకు వైర్లతో లోటు తీర్చుకుంటున్నాడని తోటివాళ్లు నవ్వేవారు.

ఆ చలికాలం గంగారం వైపు తండా నుంచి సక్రు వచ్చాడు. అడవి ఊళ్లకు ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగి. నడుములో పూస జరిగిందట.

“దవాఖానల వంగొద్దన్నరు అన్నా. వంగకుంటె బండి నడవది, బండి నడవకుంటె నౌకరి నడవది. జర హ్యాండిల్ లేపు” అన్నాడు.

“హ్యాండిల్ లేపుతం సరే, నడుమెట్ల?” అన్నాను.

“నడుము స్పేరుపార్టు ఉంటదా మీ తాన?”

“ఉంటె ముందుగాల నేనే ఏసుకుందును.”

మా వర్క్‌షాపులో ఒక కట్టడి ఉండేది. బండి లోపలికి రాకముందే దానికి తగిలించిన సంచులు, టిఫిన్ డబ్బాలు అన్నీ దించి ఓనరు చేతికి ఇవ్వాలి. వస్తువు పోయిందని తర్వాత పేచీ రాకుండా ఈ ఏర్పాటు. సక్రు హ్యాండిల్‌కు వేలాడుతున్న తపాలా సంచిని నేనే దించి ఇచ్చాను. సర్కారు సంచి కింద పెట్టొద్దంటూ పొద్దంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా దించలేదు.

ఎత్తు హ్యాండిల్ వేస్తే మార్చాల్సిన వైర్లు ఆ బండికి నాలుగు: క్లచ్, ముందు బ్రేకు, స్పీడోమీటర్, ఎక్సలేటర్. ఈ చివరిదాన్ని మేం రేసు వైరు అంటాం. దానికి రెండు కొలతలు దొరికాయి. ఒకటి లెక్కకు సరిగ్గా రెండు వేళ్ల వదులిచ్చేది, ఇంకొకటి అంతకంటే పొడుగు. నేను పొడుగుది తీయించాను. బిగించిన మెకానిక్ ఉప్పలయ్య తల గోక్కున్నాడు.

“అన్నా, గిది ముందుకు కొక్కెం లెక్క ఒంగింది. పొట్టిదే మంచిగుంటది” అన్నాడు.

“పొట్టోణ్ణి నేనొక్కణ్ణి సాల్తలేనా, వైరు గూడెందుకురా?” అన్నాను. అందరూ నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వి పానా అందుకున్నాడు.

ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి చివరిదాకా తిప్పి చూడాలి. ఇంజను చప్పుడు పెరిగితే వైరు లాగుతున్నట్టు. చప్పుడు మారలేదు. సంతకం చేశాను. గేటు దగ్గర సక్రు ఎప్పటిలాగే సంచి పట్టీని హ్యాండిల్‌కు మెలివేసి తగిలించుకుని బండెక్కాడు. నడుము నిటారుగా ఉంది. సంచి తగిలించడం నేను చూశాను. చూస్తూ చెయ్యి ఊపాను.

పది పన్నెండు రోజులకు కబురొచ్చింది. గంగారం దాటాక కల్వర్టు మలుపులో హ్యాండిల్ తిప్పేసరికి సంచి పట్టీ ఆ వైరు వంపులో చిక్కుకుంది. సంచి బరువుకు వైరు లాగింది. సక్రు రేసు వదిలేసినా ఇంజను వదల్లేదు. బండి పోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. కుడి మణికట్టు నుజ్జయింది. ఉప్పలయ్య, నేను వెళ్లి చూసేసరికి పట్టీ ఇంకా ఆ వంపులోనే ఉంది. ఉప్పలయ్య వంగి దాన్ని విడదీశాడు.

మేనేజర్ జాబ్ కార్డు తెప్పించి చూసి, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందన్నారు. నిజమే. సంచి దించడమూ పద్ధతే, సంచి లేకుండా పరీక్ష చేయడమూ పద్ధతే. పొడుగు వైరు తీయించింది మాత్రం పద్ధతి కాదు, నేను. ఆ మాట రాసి ఇచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టారు.

ఎండాకాలంలో సక్రు, ఆయన భార్య మంగ్లి బండిని ట్రాలీలో వేసుకుని వచ్చారు. చెయ్యి అతికింది గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. ఉద్యోగం పోయింది. బండి కొనేవాడు పాత హ్యాండిలే కావాలన్నాడట. తీసేసిన పాత సామాను ఓనరుకే ఇవ్వడం మా నియమం కాబట్టి పాత వైర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ పని నేనే చేశాను. వైర్లు వేలెడు ఎక్కువ గానీ తక్కువ గానీ లేకుండా సరిపోయాయి.

జాబ్ కార్డు మీద సక్రు ఎడమ చేత్తో సంతకం చేశాడు. చాలాసేపు పట్టింది.

“ఊరూరు తిరిగి అందరితోటి సంతకాలు పెట్టిచ్చుకున్న అన్నా. గిప్పుడు నా సంతకం నాకే సదువొస్తలేదు” అని నవ్వాడు.

నవ్వులాడే అలవాటు కొద్దీ ఏదో అనబోయాను.

“మీ నవ్వులు సాలు సారూ” అంది మంగ్లి. “బుక్క గూడ ఎడమ చేత్తోనే తింటుండు. నడువ్, పోదాం.”

సక్రు లేచాడు. పొద్దంతా ఆయన ఒడి ఖాళీగానే ఉంది.

నా ఆఖరి పోస్టింగు భూపాలపల్లి, వర్క్స్ మేనేజర్‌గా. బొగ్గు బావులకు పోయేవాళ్ల బండ్లే ఎక్కువ వచ్చేవి. హ్యాండిల్ మార్చిన ప్రతి బండికీ, ఇచ్చేముందు, డ్యూటీకి పోయేటప్పుడు ఏమేం తగిలిస్తారో అవన్నీ తగిలించి, ఓనరును ఎక్కించి, ఇంజను నడుస్తుండగా రెండు వైపులా తిప్పి చూడాలని నియమం పెట్టాను. “డబ్బా తేలేదు సార్” అంటే ఇంటికి పంపించి తెప్పించేవాణ్ణి. వెనకాల నన్ను సంచుల సార్ అనేవారు. రిటైరయ్యేదాకా ఆ పేరు పోలేదు, నేనూ పోగొట్టుకోవాలనుకోలేదు.

వైరు పొడవును హ్యాండిల్ ఎత్తు ఒక్కదాన్నే చూసి ఎంచకూడదు. ఆ హ్యాండిల్ మీద మనిషి రోజూ ఏం మోస్తాడో కూడా చూసి ఎంచాలి. తక్కువ పడ్డ వైరు ఎంత తప్పో, ఎక్కువైన వైరూ అంతే తప్పు. ఈ సంగతి ఉప్పలయ్య ఆ రోజే చెప్పాడు. వినాల్సింది సంతకం పెట్టేవాడే.