గుడి ముందు బూట్లు విడిచిన వీరుడు

గద్వాలలో జోగయ్య నేసిన చీరలు కట్టుకున్నవాళ్ళలో చాలామందికి జోగయ్య ఎవరో తెలియదు. రెండువేల ఆరు ప్రాంతంలో నేతగాళ్ళ వీధిలో విజయ్ నడిపిన కంప్యూటర్ ఆటల దుకాణంలో మాత్రం ఆయన పేరు మారుమోగిపోయింది. "అడవిల గుడి ముందర బూట్లు ఇడిచిన కాకా" అంటే చాలు, ఎవరైనా నవ్వుతూ ఎదురింటి వైపు చెయ్యి చూపించేవారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన కుడిచేతి సంగతి చెప్పాలి.

వానాకాలంలో ఒక పొద్దున జోగయ్య నూలు కండెల గంప ఎత్తుకొని మెట్లు దిగుతూ జారాడు. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు వేశారు, కొన్నాళ్ళకు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుంది. వేళ్ళు మాత్రం ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు కొయ్యబారి ఉన్నాయి. "రోజు ఆడియ్యాలె పెద్దాయనా. ఊకుంటివా, గిట్లనే ఉండిపోతయి" అని డాక్టరమ్మ నవ్వుతూనే చెప్పింది. జోగయ్య గుండెల్లో మాత్రం రాయి పడింది.

ఎందుకంటే ఆ ఇంట్లో తాతల నాటి మొక్కు ఒకటుంది. మాఘమాసంలో జమ్ములమ్మ తల్లి జాతరకు ఆ ఇంటి ఆలుమగలిద్దరూ ఒకే మగ్గం మీద కూర్చొని నేసిన చీర అమ్మవారికి పెట్టాలి. ఇంకొకరి చెయ్యి సాయం తీసుకోకూడదు. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఆ పట్టు పోగును ఈ నూలు పోగుతో ప్రతి వరుసలోనూ మెలేసి కలపాలి. మగ్గం గుంటలో కూర్చుని జోగయ్య పోగు కండె ఉన్న నాడె వేస్తే, అవతలి అంచు దగ్గర కూర్చుని భార్య యాదమ్మ అందుకునేది. ఇవతలి అంచు మెలిక జోగయ్య కుడిచేతి వేళ్ళదే. ఆ వేళ్ళు వంగకపోతే ఈ ఏడు అమ్మవారికి చీర లేదు.

డాక్టరమ్మ పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చింది. అది మూడోనాడే మగ్గం గుంటలోకి దొర్లింది. జోగయ్య వంగి తీయలేదు. "దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే వస్తది తీ" అన్నాడు.

ఇదంతా ఎదురింటి అరుగు మీద నుంచి విజయ్ చూస్తూనే ఉన్నాడు. ఒకనాడు వచ్చి జోగయ్య భుజం పట్టుకొని లేపాడు. "ఇంట్ల కూసొని చెయ్యి దిక్కు సూస్తుంటె నయమైతదా కాకా? జర మా దిక్కు రా. మౌసు పట్టుకొని ఆట ఆడు. ఏళ్ళు వాటంతట అవే తిరుగుతయి."

దుకాణంలో ఫ్యాను గాలి బాగా తగిలే మూల కంప్యూటర్ ఒకటుంది. అది అందరూ పోట్లాడుకునే చోటు. ఆ రోజు నుంచి అది జోగయ్యకే వదిలారు. కుర్చీ గట్టిగా ఉందని ఎవరో మెత్త కూడా తెచ్చి వేశారు. ఎవరో ఇప్పటికీ జోగయ్యకు తెలియదు.

ఆటలో ఒక వీరుడుంటాడు. కత్తి పట్టుకొని అడవులూ కొండలూ తిరిగి రాక్షసులను కొట్టాలి. మాటలన్నీ ఇంగ్లీషు. విజయ్ చెల్లెలు శ్రీవాణి, డిగ్రీ చదువుతున్న పిల్ల, పక్కన కూర్చుని చదివి చెప్పేది. "గీ ముసలమ్మ ఏమంటుందంటె కాకా, దాని మేకపిల్ల తప్పిపోయిందంట. జర ఎతికియ్యమంటుంది."

ఆ ఆటను దుకాణంలో అందరూ ఆడేవారు, అందరూ తిట్టేవారు. రాయచూరు వైపు నుంచి వచ్చి ఆటో నడుపుకునే నాగప్ప అందరికంటే గట్టిగా తిట్టేవాడు. "గీ ఆట చేసినోడు మనిషేనా? నాలుగు దెబ్బలేస్తె కత్తి మొండివడ్తది. సంచిల జర బరువెక్కువైతె వీరుడు నడువనంటడు. ఆ ముసల్ది మాట్లాడవట్టిందంటె ఎంత నొక్కినా ఆగది!"

విజయ్‌కు అన్నిటికంటే కడుపుమంట ఆటలోని ముసలాయనతో. ఆయనను వెంటబెట్టుకొని కొండ దాకా తీసుకుపోవాలి. చీమ నడక నడుస్తాడు. వీరుడు నాలుగడుగులు ముందుకు పోతే అక్కడే నిలబడి పిలుస్తాడు. శ్రీవాణి ఆయనకు పెంటయ్య తాత అని పేరు పెట్టింది.

జోగయ్యకు మాత్రం వీటిలో ఒక్క తప్పూ కనిపించలేదు. "కత్తి మొండిపడకుంట ఉంటదా? మా నాడెలు అరుగుతలేవా?" అనేవాడు. "సంచి బరువు సూసినోడు మోసేటోని నడుము గురించి ఆలోచన చేసిండు. మంచోడే." ముసలమ్మ మాట్లాడుతుంటే చివరిదాకా వినేవాడు. "పెద్దమనిషి సెప్పుకుంటుంటె నడిమిట్ల లేసిపోతమా బిడ్డా?" ఇక పెంటయ్య తాత వెంట వీరుణ్ణి ఒక్కొక్క అడుగే నడిపించేవాడు. ఆయన ఆగితే తనూ ఆగేవాడు.

"కాకా, గిట్లయితె జాతర కాదు, ఉగాదికి గూడ కొండకు చేరవు" అని నాగప్ప వీపు చరిచి నవ్వేవాడు.

ఆటలో అక్కడక్కడా రాతి గుళ్ళుంటాయి. గుడి లోపలికి పోయి దండం పెడితేనే అంతవరకు ఆడిన ఆట కంప్యూటర్‌లో నిలుస్తుంది. బయట కరెంటు పోతే మళ్ళీ వెనకటి గుడి నుంచే మొదలుపెట్టాలి. గద్వాలలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని రోజులు. "గిన్ని గుళ్ళెందుకు, ఏడంటె ఆడ నిలిచేటట్టు పెట్టొచ్చు గద" అని పిల్లలు పళ్ళు కొరుక్కునేవారు.

జోగయ్య మొదటి గుడి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"పో కాకా, లోపలికి పో" అంది శ్రీవాణి.

"కాళ్ళకు బూట్లున్నయి గదనే."

"ఆట కాకా గిది!"

"ఆటైతె ఏంది? గుడి గుడే గద. బూట్లెట్ల ఇడుస్తరో జెప్పు."

ఎలా కింద పెట్టాలో శ్రీవాణి చూపించింది. వీరుడు గడప బయట బూట్లు విడిచి, లోపలికి పోయి దండం పెట్టి బయటికి వచ్చాడు. బూట్లు లేవు. ఈ ఆటలో కింద పెట్టిన వస్తువు కాసేపటికి మాయమైపోతుంది. పిల్లలు తిట్టుకునేవాటిలో అదీ ఒకటి. దండం పెట్టాడు గనుక బూట్లు లేని ఆటే కంప్యూటర్‌లో నిలిచిపోయింది కూడా. అవతల చూస్తే కనుచూపు మేరా ముళ్ళ పొదలు.

దుకాణమంతా లేచి వచ్చింది. "గుళ్ళె చెప్పులు పోయినయిరా!" అని ఒకడు కడుపు పట్టుకున్నాడు. జోగయ్య కూడా నవ్వాడు. "పోనీ, ఎవరికో అక్కరుండె" అన్నాడు.

ఇంకో జత బూట్లు ఆ గుడి వెనక ఒక పెట్టెలో ఉన్నాయని విజయ్ చెప్పాడు. చెప్పి నుదురు కొట్టుకున్నాడు. ఎందుకంటే ఆ పెట్టె తాళమే ఆట మొత్తంలో అందరూ అసహ్యించుకునేది. ఒక చేత్తో మౌసును పూవు పట్టుకున్నంత మెల్లగా తిప్పుతూ ఉండాలి. సరిగ్గా అదే సమయానికి రెండో చేత్తో కీబోర్డు మీట నొక్కాలి. కాస్త బిగిస్తే తాళంలో దూర్చిన పుల్ల పుటుక్కున విరుగుతుంది.

రెండు చేతులూ కావాలనగానే జోగయ్య ముఖం వాడిపోయింది. "ఇగ సాలు తీ బిడ్డా, ఇంటికి పోత" అని లేచాడు.

అప్పుడే టీ చెంబుతో యాదమ్మ గుమ్మంలోకి వచ్చింది. అందరూ తెరనే చూస్తూ ఇన్నాళ్ళూ గమనించనిది ఆమె కంట పడింది. మౌసు ఎడమ పక్కన ఉంది. ఆయన కుడిచెయ్యి పైపంచెలో చుట్టుకొని ఉంది.

"ఏందయ్యా, కుడిచెయ్యిని పొత్తిళ్ళల సుట్టినవు? దానికి జోల పాడుతున్నవా?" అంది. ఎవరూ నవ్వలేదు. "ఇన్నొద్దులు ఎడమచేత్తోనే ఆడుతున్నవా?"

జోగయ్య తల దించుకున్నాడు. "నొప్పికి గాదే" అన్నాడు చివరికి, ఆమెకు ఒక్కదానికే వినబడేటట్టు. "పెట్టి సూసినంక గూడ రాకపోతె? అందుకే పెట్టలే."

యాదమ్మ చెంబు బల్ల మీద పెట్టింది. చీర చెంగుతో మౌసు తుడిచి కుడి పక్కకు జరిపింది. శ్రీవాణి లేచి తన కుర్చీ ఇచ్చింది. "ఆ మీటేదో నేను నొక్కుత. ఎప్పుడు నొక్కాల్నో జెప్పు బిడ్డా" అంటూ యాదమ్మ ఆయనకు ఎడమ పక్కన కూర్చుంది, మగ్గం మీద కూర్చున్నట్టే. "నువ్వు నాడె వెయ్యి. నేనందుకుంట."

ఆయన కుడిచెయ్యి మౌసు మీదికి వచ్చింది. పుల్ల విరిగింది. మళ్ళీ విరిగింది. నాగప్ప నోరు మూసుకొని కూర్చోవడం దుకాణం చరిత్రలో అదే మొదటిసారి. ఆ మర్నాడూ ఆ పై నాడూ ఆలుమగలు వచ్చి కూర్చున్నారు. వేళ్ళు నొప్పి పెడితే యాదమ్మ కొబ్బరినూనె రాసేది, మళ్ళీ పట్టమనేది.

ఒక సాయంత్రం తాళం ఇక తెరుచుకుంటుందనగా కరెంటు పోయింది. తెర నల్లబడింది. "అయ్యో!" అని అందరూ ఒక్కసారే అరిచారు. ఆడిందంతా పోయింది. మళ్ళీ గుడి దగ్గర నుంచే.

జోగయ్య ఆ గుడ్డి వెలుతురులో వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నాడు. "ఆటల పోయింది గని, ఏళ్ళల పోలే" అన్నాడు.

తాళం తెరుచుకున్న రోజున వీధి చివరిదాకా కేకలు వినబడ్డాయి. వీరుడు కొత్త బూట్లు తొడుక్కొని, ముళ్ళ పొదలు దాటి, పెంటయ్య తాతతో కలిసి తరువాతి గుడి దగ్గరికి చేరాడు. చేరి, వంగి, బూట్ల మీద చెయ్యి వేశాడు.

"వద్దు కాకా!" అని విజయ్. "బేడ కాకా, బేడ!" అని నాగప్ప. కంగారు పుడితే ఆయన నోట కన్నడమే వచ్చేది.

"ఆగుండ్రి" అంది శ్రీవాణి, తెరను తేరిపార చూస్తూ. "మన ఎంట వచ్చేటోళ్ళ చేతికి సామాను ఇయ్యొచ్చు. కింద పెడ్తెనే మాయమైతది. పెంటయ్య తాత చేతికియ్యి కాకా!"

వీరుడు బూట్లు ముసలాయన చేతికిచ్చి లోపలికి పోయాడు. ఆయన కదలకుండా గడప బయట నిలబడ్డాడు. వీరుడు దండం పెట్టి వచ్చేసరికి బూట్లు భద్రంగా ఉన్నాయి. నిలబడటమే పనైన చోట ఆయనను మించినవాడు లేడు. విజయ్ మెల్లగా "పాపం, ముసలాయన మంచోడేరా" అన్నాడు.

ఆ వారమే జోగయ్య మగ్గం గుంటలోకి దిగాడు. రబ్బరు బంతి కాలికి తగిలితే తీసి గూట్లో పెట్టాడు. నాడె వేశాడు, యాదమ్మ అందుకుంది. మొదటి జానెడు మేర అంచు మెలికలు వదులుగా పడ్డాయి. విప్పుదామని ఆయన, వద్దని ఆమె. "నీ చెయ్యి ఎట్లున్నదో తల్లికి తెల్వదా? ఉండనీ" అంది. ఆ పైన రోజురోజుకూ కాస్త కాస్తగా అంచు బిగుస్తూ వచ్చి, కొంగు దగ్గరికి చేరేసరికి ఎప్పటి జోగయ్య అంచే అయింది.

జాతరకు అందరినీ నాగప్పే ఆటోలో ఎక్కించుకొని పోయాడు. గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆటో పెట్టడానికి నాగప్ప చోటు వెతుక్కుంటూ పోయాడు. విజయ్ మిగిలినవాళ్ళ చెప్పులు తీసుకొని, ఒక పక్కకు చేర్చి, వాటి ముందు గొంతుకూర్చున్నాడు.

"మీరు వోయి రాండ్రి. నేనీడ ఉంట."

"నీకు దర్శనం వద్దా ఓయ్?" అన్నాడు జోగయ్య.

"మీరొచ్చినంక పోత. ఎవరో ఒకరుండాలె గద కాకా. ఇవి గూడ పోతె మల్ల ఆ తాళం తోని పరేషాన్ ఎవరు గావాలె?"

జోగయ్య మడత చీరను రెండు చేతుల మీదికి తీసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు దాని అంచు చుట్టూ మెత్తగా ముడుచుకున్నాయి.

"చెప్పులు పైలం, పెంటయ్య తాతా!" అని విజయ్‌తో చెప్పి, యాదమ్మ వెనకే జనంలోకి నడిచాడు.