బ్రేకు పైపుకు పూత

వాన పడని ఊళ్లో కారుకు తుప్పేమిటని మా బంధువులు నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్ల కార్లలో మనుషులు మాత్రమే కూర్చుంటారు. మా కారులో సంత రోజు వెనక సీటు పీకేసి, ప్లాస్టిక్ పట్ట పరిచి, మా ఆయన పొట్టేళ్లను మడకశిరకు తీసుకుపోతాడు. మిగతా రోజులు అదే కారు నడుపుకుంటూ నేను బడికి పోతాను. టీచర్ని. కారు ఎంత కడిగినా నా చీరకు గొర్రె వాసన పోదు.

పట్ట పక్కనుంచి గొర్రెల ఉచ్చ కారి, నేల రేకు సందుల్లోంచి బ్రేకు పైపు మీద పడుతుంది. చిటికెన వేలికన్నా సన్నని ఇనుప పైపు అది. అందులోని నూనె ఒత్తిడితోనే చక్రం ఆగుతుంది. ఒకసారి మెకానిక్ టార్చి వేసి చూపించాడు.

"తుప్పంతా గీకి చూడండి మేడం. లోపల గట్టిగా ఉండాదంటే పైన ఏమన్నా పూసుకోవచ్చు. లేదంటే పైపు మార్చాల్సిందే."

ఆ పని తనే చేస్తానన్నాడు మా ఆయన. ఫోనులో ఏదో వీడియో చూశాడు. కొవ్వొత్తులూ గ్రీసూ కలిపి, నేను పాలు కాచే గిన్నెలో కరిగించాడు. వంటిల్లంతా గ్యారేజీ వాసన.

"గిన్నె పాయ కదయ్యా!"

"గిన్నె పెద్దదా, బ్రేకు పెద్దదా?"

ఆయన కారు కింద దూరి సాయంత్రం దాకా బ్రష్షుతో పూసి, ఒళ్లంతా మసి చేసుకుని బయటికొచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు ముచ్చటేసింది. నా కోసం ఇంత కష్టపడ్డాడే అనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ గుట్ట దిగుతుంటే, పెడల్ మెత్తగా కిందికి పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ తొక్కాను. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, బీడు చేనులోకి దింపితే గానీ కారు ఆగలేదు. దిగి చుట్టూ తిరిగి చూశాను. వెనక చక్రం దగ్గర నూనె చుక్కలు కనిపించాయి. చీర దోపుకుని కిందికి దూరి, పైపును గుడ్డతో తుడిచాను. మైనం నున్నగా ఊడివచ్చింది. దాని కింద తుప్పు పొరలు పొరలుగా అలాగే ఉంది. ఎక్కడా గీకిన గుర్తు లేదు.

ఆటోలో ఇంటికొచ్చి అడిగాను. "గీకల్యా?"

"గీకితే తూటు పడేట్టుండె. అట్లనే పూసినా."

"నాకు చెప్పల్యా మరి?"

"చెప్తే నువ్వు బండి ముట్టవు." గొర్రెలకు మేత వేస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. "అయినా దినామూ నువ్వు తోల్తాండావు కదా. నీకేమీ కాల్యా. బాగానే ఉండాదిలే, సంతకు పోవచ్చు అనుకుంటి."

మామూలుగా అయితే వీధంతా వినేలా అరిచేదాన్ని. ఆ రోజు అరవాలనిపించలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మనసులో ఉన్నది చెప్పాడు, అంతే. రోజూ నేను గుట్ట దిగి ప్రాణాలతో ఇల్లు చేరడం ఆ మనిషికి సంతకు భరోసా అయింది. ఏడుపు కూడా రాలేదు, ఒట్టి నీరసం వచ్చింది. చేతులు కడుక్కుని ఎసరు పెట్టాను.

కొత్త పైపు వేయించాం. ఈసారి పూత నేనే పూశాను. కారులో గొర్రెలను తీసుకుపోవడం మానలేదు. ఈ కరువులో అవి లేకుంటే ఇల్లు గడవదు. సంత మరుసటి పొద్దున ఆయన తాళంచెవి ఇవ్వబోతే తీసుకోను.

"ముందు నువ్వు గుట్ట దిగి రాపో" అంటాను.

ఎందుకని ఆయన ఇంతవరకు అడగలేదు. పోయి వస్తాడు. వచ్చేదాకా నేను జడ వేసుకుంటూ ఉంటాను. ఆయన తిరిగి రాడేమోనని మొదట్లో భయమేసేది. ఇప్పుడు వేయడం లేదు.