ఆగస్టు పదకొండు, ఫిలోమినమ్మ పండుగ

నాచారంలో మా క్యాథలిక్ గుడికి పొద్దున ఆరున్నర పూజకు వచ్చే ముప్పై మందిలో సగం మంది ఫిలోమినమ్మ చదివేది వినడానికే వస్తారు. నేనూ అంతే, దాచుకోవడం ఎందుకు! ఏ రోజు ఏ పునీతుల, అంటే ఏ సెయింటు పండుగైతే, వారి జీవితం ఆమె పూజకు ముందు చదువుతుంది. పాతికేళ్ళుగా ఇదే పని. మల్లాపూర్ మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసిన రోజుల్లో కూడా నైట్ షిఫ్టు దిగి అదే చీరతో వచ్చి చదివేది. మధ్యలో ఎవరైనా దగ్గితే కళ్ళజోడు మీది నుంచి ఓ చూపు చూస్తుంది. నా మీద రెండుసార్లు పడింది ఆ చూపు.

ఆమెకు అమ్మానాన్నలెవరో తెలియదు. 1958 ఆగస్టు పదకొండున వరంగల్ దగ్గర ఓ కన్యాస్త్రీల ఆశ్రమం గడప మీద దొరికింది. ఆ రోజు పునీత ఫిలోమినా పండుగ కాబట్టి ఆ పేరే పెట్టారు. ఏనాడు పుట్టిందో తెలియదు కనుక ఆ పండుగే ఆమెకు పుట్టినరోజు. ఏటా ఆ పొద్దున తన పునీతురాలి కథ చదివి, గుడి మెట్ల దగ్గర అందరికీ సేమియా పాయసం పోస్తుంది.

ఈ జూన్‌లో కొత్తగా వచ్చిన ఫాదర్ దయాకర్ బాగా చదువుకున్న మనిషి. అదే వచ్చిన తంటా. ఆగస్టు మొదటి వారంలో, పునీతుల జీవితాలు రాసుకున్న ఆమె నోటుబుక్కు తిరగేశాడు.

"అమ్మా, ఈ ఫిలోమినా పండుగను చర్చి క్యాలెండర్లోంచి 1961లోనే తీసేశారు. ఏదో పాత సమాధిలో ఎముకలు, దాన్ని మూసిన పెంకు మీద ఆ పేరు దొరికాయి, అంతే. మిగతా కథకు ఆధారం లేదు. పదకొండున పునీత క్లారా పండుగ. ఆమె గురించే చదవండి."

మర్యాదగానే అన్నాడు. నాకే ఒళ్ళు మండింది. బయటికి వచ్చాక, "నువ్వు ఇనకు అక్కా. ఎప్పటి లెక్కనే సదువు," అన్నాను.

"ఫాదర్ మాట ఎట్ల కాదంట? కని నాకున్నది గదొక్క రోజు. గది గూడ లేకుంటె నేనెప్పుడు పుట్టినట్టు?" అంటూ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఫిలోమినమ్మ ఏడవగా చూడడం నాకదే మొదలు.

పదకొండో తారీకున క్లారా జీవితాన్ని ఒక్క తప్పు లేకుండా చదివింది. నోటుబుక్కు మూసింది. దిగిపోతుందనుకున్నాం. దిగలేదు.

"ఇయ్యాల నా పునీతురాలి పండుగ గూడ. ఆమె ఎవల బిడ్డో, ఎట్ల బతికిందో ఎవ్వలకు తెల్వదంట. పేరొక్కటే దొరికింది. సదువనీకి ఏం లేదు. జర ఒక్క నిమిషం లేసి నిలబడుండ్రి."

బెంచీలన్నీ ఒక్కసారి చప్పుడయ్యాయి. ముప్పై మందిమీ లేచాం. పీఠం పక్క కుర్చీలో ఫాదర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన వంక చూడను కూడా లేదు. కాసేపటికి ఆయనా లేచాడు.

పూజయ్యాక ఆయన పక్క తలుపు నుంచి జారుకోబోతుంటే ఆమె పాయసం గ్లాసుతో ఎదురెళ్ళింది.

"తాగి పోండ్రి ఫాదర్. నేను పుట్టింది ఇయ్యాల్నే."