రక్తం దారి

గ్రీసు దేశపు ఇయానినా ఊళ్లో ఈస్టర్ ముందురోజు ఇంటింటా పులుసు కోసం గొర్రెపిల్ల పేగులు కడుగుతారు. సర్జన్ ఎవ్దోకియా మాత్రం కడగబోయే ముందు వాటిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. క్లోమం చాటునుంచి వచ్చిన ధమని పల్చటి పొరలో విసనకర్రలా విచ్చుకుని, కొమ్మకీ కొమ్మకీ కమానులు కట్టి పేగును చేరే తీరుని బొటనవేలితో తడిమి చూసుకుంటుంది. "పులుసు పెట్టవే తల్లీ, పెళ్లిచూపులు కాదు!" అంటుంది అత్త పొలిక్సేని.

ఆ ఏడు పండగనాడు మేకలకాపరి స్తాథిస్‌ని ఆసుపత్రికి తెచ్చారు. పండగకి ముందు వారాల తరబడి మాంసం ముట్టని ఉపవాసం ఉండి, ఒక్కపూటలో కడుపు పగిలేలా తిన్నాడు, పేగు మెలిపడింది. ఎవ్దోకియా మెలి విప్పింది. అయినా పేగు నేరేడుపండులా నల్లగానే ఉంది.

"చచ్చిపోయింది మేడమ్, కోసేద్దాం," అన్నాడు జూనియర్ లెఫ్తెరిస్.

"ఇంత పేగు కోస్తే ఇక మామూలుగా తిని బతకలేడురా. ఆగు."

వెచ్చటి ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు కప్పి, పేగు అంచున ధమని మీద వేలుంచి కదలకుండా నిలబడింది. చాలాసేపటికి వేలికింద నాడి సన్నగా కొట్టుకుంది. గుడ్డ తీస్తే, నలుపులోంచి గులాబిరంగు పాకి వస్తోంది.

ఇంటికొచ్చేసరికి పులుసు చల్లారిపోయింది.

"ఇంతసేపూ ఏం కోశావే?"

"ఏమీ కొయ్యలేదత్తయ్యా. ఊరికే నిలబడ్డాను. రక్తమే దారి వెతుక్కుని వచ్చింది."

మరుసటి ఏడు పేగులు కడిగేరోజున, ఎవరూ అడక్కుండానే కిటికీ తెర పక్కకు లాగింది పొలిక్సేని.