రాజేశం అన్న అభా దోస్తు

పక్క గదిలో ఏసీ జాలీలు కడుగుతున్నారు. పైపుతో నీళ్ళు కొట్టగానే నెలల తరబడి పట్టిన దుమ్ము తడిసి, తొలకరి పడ్డ చేను వాసన గుప్పుమంది. జెద్దాలో వాన ఎప్పుడో గాని పడదు. మట్టి వాసన కావాలంటే మాకు ఏసీలే దిక్కు. ఆ వాసన రాగానే నాకు రాజేశం అన్న గుర్తొస్తాడు. మా క్యాంపులో ఏసీల పని ఆయనది, నీళ్ళ పైపుల పని నాది. ఇద్దరిదీ జగిత్యాల పక్కే అయినా ఇక్కడికి వచ్చాకే పరిచయం. కింది మంచం ఆయనది, పై మంచం నాది.

వచ్చిన కొత్తలో నాకు శుక్రవారం సెలవంటేనే భయం. అందరూ ఫోన్లలో తలలు దూర్చి పడుకునేవారు. గది నిండా మనుషులుండి ఒక్కరూ లేనట్టుండేది. ఇంటికి పోదామని రోజూ అనుకునేవాణ్ణి. రాజేశం అన్న మాత్రం పండగ సెలవులు రాగానే ఒక జత బట్టలు, ఖుబూస్ రొట్టెలు, మామిడికాయ తొక్కు సంచిలో వేసుకుని, అన్నిటికంటే చౌక బస్సు వెతుక్కుని ఒక్కడే బయలుదేరేవాడు. పోయేది అభాకు. దక్షిణాన కొండల మీది పాత పట్నం అది. "రాళ్ల ఇండ్లు సూసెతందుకు గంత దూరమా? మనూర్ల లేవా గుట్టలు?" అని గదిలో వాళ్ళు వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేవాడు. నన్నూ తీసుకుపొమ్మని ఒకసారి వెంటపడ్డాను.

"వద్దు తమ్మీ. ఇద్దరం పోతే మనం మనమే ముచ్చట పెట్టుకుంటం. ఊరు మనతోని మాట్లాడది. ఒక్కనివే పోవుడు నేర్సుకో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నాకు టీ తాగించాల్సి వస్తుందని భయపడ్డాడు పిసినారి, అనుకున్నాను. ఆయన తిరిగొచ్చాక కూడా మూతి ముడుచుకునే ఉన్నాను. ఆయన అదేం పట్టించుకోకుండా మంచం అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు కొండెక్కుతుంటే మబ్బు కిటికీలోంచి లోపలికొస్తుందట. అక్కడి మట్టి గోడలకు వరుసగా పలకరాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయట, వాన గోడను తాకకుండా జారిపోవడానికి. "గోడలకు గొడుగులు పట్టిండ్రు తమ్మీ" అన్నాడు. ఆ మాటకు నా అలక కాస్తా ఎగిరిపోయింది.

ఆ తర్వాత తన దోస్తు సంగతి చెప్పాడు. తొలిసారి పోయినప్పుడు అన్నకు అరబ్బీ రాదు. ఒక లాడ్జిలో గది అడిగితే, గల్లా దగ్గరున్న పెద్దమనిషి "గుర్ఫా మాఫీ" అన్నాడు. గుర్ఫా అంటే గది అని అన్నకు తెలుసు. మాఫీ అంటే ఇక్కడ 'లేదు' అని తెలియదు. మనకు మాఫీ అంటే ఒక్కటే, రుణమాఫీ. పరాయి దేశంలో గది కిరాయి మాఫీ చేసిన మహానుభావుడికి అన్న రెండు చేతులెత్తి దండం పెట్టి, చెప్పులు విడిచి, సంచి బల్ల కింద సర్దేశాడట. పెద్దమనిషి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, సంగతి తెలిసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయి, ఒకే పళ్ళెంలో అన్నం తినిపించాడట. "అప్పటిసంది ఏటేటా నాకోసం సూస్తడు" అనేవాడు అన్న. మేము ఆయనకు మాఫీ షేక్ అని పేరు పెట్టాం.

ఆ కథ నన్ను ఇక్కడ నిలబెట్టింది. అర్థం కాని ఒక్క మాటకు ఆయనకు దోస్తు దొరికితే, నాకూ ఎక్కడో ఒకరు దొరక్కపోతారా అనిపించింది. శుక్రవారాలు ఒక్కణ్ణే సముద్రం ఒడ్డుకు పోవడం మొదలుపెట్టాను. ఎవరూ దొరకలేదు గాని, భయం పోయింది.

నిరుడు అన్న ఖురూజ్ కొట్టించుకున్నాడు. అంటే మళ్ళీ రాని ప్రయాణం. ఇంటికి చేరిన కొన్నాళ్ళకే గుండె ఆగి పోయాడు. దినాలైన తర్వాత వదిన ఫోన్ చేసింది.

"ఆ అభా దోస్తుకు ఎవలు చెప్తరు తమ్మీ? పండుగకు ఎదురుసూస్తడాయె. నువ్వొక్కసారి పోయి చెప్పరాదు?"

పండగకు నేనూ చౌక బస్సే ఎక్కాను. మబ్బు నిజంగానే కిటికీలోంచి వచ్చింది. గోడలకు గొడుగులూ నిజమే. అంతా ఆయన చెప్పినట్టే ఉంది. పాత బజారులో అడుగుతూ పోతే లాడ్జి దొరికింది, గల్లా దగ్గర తెల్లగడ్డం పెద్దమనిషీ దొరికాడు. నా వచ్చీరాని అరబ్బీలో మాఫీ కథ చెప్పగానే ఆయన పకపకా నవ్వాడు.

"గుర్తులేకేం! గది లేదంటే దండం పెట్టాడు!"

"తర్వాత?"

"తర్వాతేముంది? సంచి చేతికిచ్చి పంపేశాను. పండగ రోజులు, నిజంగానే గదులు లేవు."

"మళ్ళీ రాలేదా?"

"పండగప్పుడు ఒక ఇండియా మనిషి వచ్చి రోడ్డుకు అవతల నిలబడి సలాం చేసి పోయేవాడు. నేనూ చెయ్యెత్తేవాణ్ణి. అతనేనా?"

అతనేనని, చనిపోయాడని చెప్పాను. అల్లా కరుణించాలని రెండు చేతులూ ఎత్తాడు. ఇంతలో ఎవరో గది అడగడానికి వచ్చారు, ఆయన అటు తిరిగాడు.

బయటికొచ్చి ఒక గోడ పక్కన కూర్చున్నాను. ఆ కొండ చలిలో అన్న ఎక్కడ పడుకునేవాడో, తొక్కు నంజుకుని ఖుబూస్ ఏ అరుగు మీద తినేవాడో. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. నన్ను ఎందుకు వెంట తీసుకురాలేదో కూడా అప్పుడే తెలిసింది. వదినకు ఫోన్ కలిపాను.

"కలిసినవా తమ్మీ? ఏమన్నడు?"

"మంచోడు పోయిండని శానాసేపు బాధపడ్డడు వదినా. నన్ను ఇంటికి తోల్కపోయి అన్నం పెట్టిండు."

"నయమాయె" అంది వదిన. మళ్ళీ, "దేశంగాని దేశంల ఒక్కడే తిరుగుతుండెనని నాకు బుగులుండె. తోడు ఒకలున్నరన్నట్టు" అంది.

ఇప్పుడు వదిన ఎప్పుడు ఫోన్ చేసినా మాఫీ షేక్ బాగోగులు అడుగుతుంది. మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నాను. పోయిన వారం మనవరాలు పుట్టిందని చెప్పాను. పేరేం పెట్టారని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.